టెక్సస్‌లో హ్యాండ్‌గన్ ఇన్‌స్ట్రక్టర్ కావాలంటే: మీ లైసెన్సు నుంచి మీ మొదటి క్లాసు దాకా

నేను తుపాకీ లైసెన్సు క్లాసులు చెబుతానని తెలియగానే మనవాళ్లు ముందుగా అనే మాట, "అయితే మీకు గురి బాగా కుదురుతుందన్నమాట!" కుదురుతుంది కానీ ఈ పనిలో దాని వాటా చిన్నది. క్లాసు ఉన్న రోజు నేను తుపాకీ పేల్చేది అరుదు. ఎదుటివాళ్ల చేతులు చూడటమే నా పని. టార్గెట్ మీద చిల్లు ఎక్కడ పడిందో తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు. వేలు ట్రిగ్గర్ మీదికి ఎప్పుడు వెళ్లిందో మాత్రం ఆ క్షణంలోనే చూడాలి.

డాలస్, హ్యూస్టన్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లు కొందరు లైసెన్సు తెచ్చుకున్నాక "నేనూ నేర్పొచ్చా?" అని అడుగుతుంటారు. ఇది వాళ్ల కోసం. చెప్పేదంతా టెక్సస్ రాష్ట్రం సంగతే. పక్కనున్న ఓక్లహోమా, లూసియానాలకు వెళ్తే నిబంధనలు వేరు.

ఈ లైసెన్సు ఎక్కడి నుంచి వచ్చింది

నేర్పబోయేవాడికి ఈ కథ తెలిసి ఉండాలి, ఎందుకంటే క్లాసులో ఎవరో ఒకరు అడుగుతారు. 1991 అక్టోబర్ 16న కిలీన్ పట్టణంలోని లూబీస్ కెఫెటేరియాలో ఒక దుండగుడు 23 మందిని కాల్చి చంపాడు. అమ్మానాన్నలతో భోజనానికి వెళ్లిన సుజానా హప్ రివాల్వర్ ఆ రోజు కారులో ఉండిపోయింది, వెంట పెట్టుకోవడానికి అప్పటి చట్టం ఒప్పుకోదు కాబట్టి. ఆమె బయటపడింది. తల్లిదండ్రులిద్దరూ చనిపోయారు. చట్టం మారాలని ఆమె గట్టిగా పోరాడింది, ఆ తర్వాత శాసనసభకూ ఎన్నికైంది. 1995లో గవర్నర్ జార్జ్ డబ్ల్యూ. బుష్ సంతకంతో దాచి పెట్టుకునే తుపాకీకి లైసెన్సు ఇచ్చే చట్టం వచ్చి, 1996 నుంచి అమలైంది. 2016లో బయటికి కనబడేలా నడుముకు పెట్టుకోవడాన్నీ అనుమతించారు. అప్పటి నుంచి దాని పేరు లైసెన్స్ టు క్యారీ, అంటే ఎల్‌టీసీ.

2021 సెప్టెంబర్ 1 నుంచి 21 ఏళ్లు నిండి, చట్టపరంగా ఏ అడ్డంకీ లేనివాళ్లు లైసెన్సు లేకుండానే తుపాకీ వెంట ఉంచుకోవచ్చు. మరి క్లాసుకు ఎవరొస్తారు? వస్తారు. ఈ లైసెన్సును చాలా రాష్ట్రాలు గుర్తిస్తాయి. బడికి వెయ్యి అడుగుల లోపు తుపాకీ ఉండకూడదని ఫెడరల్ చట్టం అంటుంది, ఆ రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది. మన పేటల్లో బడికి వెయ్యి అడుగులు దాటని వీధి ఎక్కడుందో చెప్పండి! పైగా చట్టం అక్కర్లేదన్నా నేర్చుకుంటానని వచ్చేవాళ్లు ఇప్పుడు వస్తున్నారు. నేర్పడానికి అలాంటివాళ్లే హాయి.

అన్నిటికంటే ముందు: మీ వీసా

ఇక్కడ మొహమాటపడి లాభం లేదు. హెచ్-1బీ, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1 లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ తమ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధించింది. హంటింగ్ లైసెన్సు ఉన్నవాళ్లకు మినహాయింపు లాంటివి కొన్ని ఉన్నాయి, కానీ ఆ సందులో దూరే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడాలి. స్నేహితుడు వాట్సాప్‌లో చెప్పాడని కాదు. "రేంజ్‌లో, అంటే కాల్పుల సాధన చేసే చోట, అద్దెకు తీసుకుని పేలిస్తే ఏమవుతుంది?" అని అడుగుతారు. చేతిలోకి తీసుకున్నా అది "దగ్గర ఉండటం" కిందికే వస్తుంది, చిక్కు చిక్కే.

గ్రీన్‌కార్డు ఉంటే ఈ అడ్డు లేదు. అయితే తుపాకీకి సంబంధించిన నేరం రుజువైతే గ్రీన్‌కార్డు ఉన్నా దేశం నుంచి పంపించేయొచ్చు. ఇన్‌స్ట్రక్టర్‌కి ఇది రెండు రకాలుగా అవసరం. ఒకటి మీ సంగతి. రెండోది మీ ముందుకొచ్చే విద్యార్థి సంగతి: చట్టం వద్దన్న మనిషి చేతికి తెలిసి తుపాకీ ఇస్తే ఇచ్చినవాడికీ కేసే. అందుకే పేరు నమోదు చేసుకునేటప్పుడే, ఫోన్‌లోనే, ఈ ప్రశ్న అడిగేస్తాను. "అన్నా, మనలో మనకి ఇదేంటి" అని ఒకరిద్దరు నొచ్చుకున్నారు. నొచ్చుకోనివ్వండి.

లైసెన్సు క్లాసుకు విద్యార్థిగా వెళ్లండి

ఎల్‌టీసీ మీకు ఇప్పటికే ఉన్నా, మరొక ఇన్‌స్ట్రక్టర్ దగ్గర ఇంకోసారి కూర్చోండి. రుసుము ఇచ్చి వెనక బెంచీలో కూర్చుని ఆయన్ను చూడండి. ఎక్కడ జనం ఫోన్లు తీశారు, ఏ ప్రశ్నకు ఆయన తడబడ్డారు, కాల్పుల లైన్ మీద ఎక్కడ నిలబడ్డారు అన్నీ రాసుకోండి. తరగతి భాగం 4 నుంచి 6 గంటలు. అందులో నాలుగు అంశాలు ఉండి తీరాలి: ఆయుధాల చట్టాలు, ప్రాణాంతక బలం ఎప్పుడు వాడొచ్చు అన్నది; హోల్‌స్టర్ (తుపాకీ పెట్టుకునే తొడుగు) సహా తుపాకీ వాడకం, భద్రత; గొడవల్ని హింస లేకుండా తేల్చుకోవడం; పిల్లల చేతికి చిక్కకుండా భద్రపరచడం. రేపు మీరు చెప్పబోయేదీ ఇదే. తరగతి భాగం ఆన్‌లైన్‌లోనూ పూర్తిచేయొచ్చు కానీ, నేర్పాలనుకునేవాళ్లు ఆ దారి పట్టొద్దు.

పునాది సర్టిఫికెట్

లైసెన్సులిచ్చే డిపార్ట్‌మెంట్ ఆఫ్ పబ్లిక్ సేఫ్టీ, అంటే డీపీఎస్, ఎవరిని పడితే వాళ్లను ఇన్‌స్ట్రక్టర్ శిక్షణకు తీసుకోదు. మీకు ముందే వేరే చోట తుపాకీ నేర్పే అర్హత ఉండాలి. పోలీసు శిక్షకులకూ, ప్రైవేటు సెక్యూరిటీ శిక్షకులకూ వాళ్ల దారులు ఉన్నాయి. మామూలు ఉద్యోగస్తులకు అందుబాటులో ఉండేది నేషనల్ రైఫిల్ అసోసియేషన్ వాళ్ల పిస్టల్ ఇన్‌స్ట్రక్టర్ సర్టిఫికెట్. ఆ సంస్థ రాజకీయాలతో మీకు పని లేకపోవచ్చు. 1871లో పుట్టింది గురి నేర్పడానికే, ఆ నేర్పే పద్ధతి మాత్రం గట్టిది.

ఆ కోర్సులో మొదట ఏ ఆయుధానికైనా నేర్పడం ఎలా అన్న సాధారణ శిక్షణ ఉంటుంది, తర్వాత పిస్టల్ పాఠాలు. చేరే ముందు మీ గురినీ, తుపాకీ పట్టుకునే తీరునూ పరీక్షిస్తారు. లోపలికి వెళ్లాక మిమ్మల్నే లేపి పాఠం చెప్పమంటారు. ఎదురుగా కూర్చున్న తోటివాళ్లు ఏమీ తెలియనివాళ్లలా నటిస్తూ, కావాలనే తప్పులు చేస్తారు. నా వంతు వచ్చినప్పుడు ఒకాయన ఖాళీ తుపాకీని నా కడుపు వైపు తిప్పి "ఇది ఎలా తెరవాలి సార్?" అన్నాడు. నేను తెరవడం ఎలాగో చెప్పాను. తుపాకీ గొట్టం ఎటు ఉందో చూడలేదు. శిక్షకుడు ఏమీ అనలేదు, కాగితం మీద ఒక గీత గీశాడంతే. ఆ గీత నాకు ఇప్పటికీ గుర్తు.

మూడు నియమాలు నిద్రలో లేపి అడిగినా చెప్పగలగాలి. గొట్టం ఎప్పుడూ ప్రమాదం లేని దిక్కుకే. కాల్చే నిర్ణయం అయ్యేదాకా వేలు ట్రిగ్గర్ బయటే. వాడబోయేదాకా తుపాకీ ఖాళీగానే. చెప్పడం తేలిక. మాట్లాడుతూ, నవ్వుతూ, బోర్డు చూపిస్తూ కూడా మీ చేతులు వాటిని తప్పకూడదు. మీ నోరు చెప్పేదాన్ని కాదు, మీ చేతులు చేసేదాన్నే విద్యార్థి నేర్చుకుంటాడు.

యాభై తూటాల పరీక్ష

లైసెన్సు పరీక్ష దూరాలు గజాల్లోనే. మన స్థలాల లెక్కలో పెరిగినవాళ్లకు ఇది సుఖం. మనిషి ఆకారపు బీ-27 టార్గెట్ మీద మొత్తం 50 తూటాలు: 3 గజాల నుంచి 20, 7 గజాల నుంచి 20, 15 గజాల నుంచి 10. మధ్య వలయాల్లో పడితే 5 మార్కులు, దాని బయట వలయంలో 4, మిగతా ఆకారంలో 3. మొత్తం 250కి విద్యార్థి 175 తెచ్చుకుంటే చాలు. ఇన్‌స్ట్రక్టర్ కాబోయేవాళ్లకు 90 శాతం, అంటే 225 కావాలి.

మూడు గజాల దగ్గర ఒక్కో తూటాకు 2 సెకన్లు, పదిహేను గజాల దగ్గర అయిదు తూటాలకు 15 సెకన్లు ఇలా సమయం కొలుస్తారు. హోల్‌స్టర్ లోంచి తీయక్కర్లేదు, తుపాకీ చేతిలో సిద్ధంగా పట్టుకునే మొదలు. రోజూ సాధన చేసేవాడికి ఇదేమీ కష్టం కాదు, కానీ పక్కన గడియారం పట్టుకుని మనిషి నిలబడితే టెన్షన్ వేరు. సాధనలో 240 దాటుతుంటేనే పరీక్షలో 225 వస్తుందనుకోండి.

ఎక్కువమందికి మార్కులు పోయేది ఉలికిపాటు వల్లే. పేలుడు రాబోతోందని చేయి ముందే కిందికి నొక్కుకుంటుంది, తూటా కిందకి పోతుంది. దీనికి పాత మందు ఒకటుంది. మీకు తెలియకుండా మరొకరు మ్యాగజైన్‌లో (తూటాలు పేర్చే పెట్టె) నిజం తూటాల మధ్య ఒకటి రెండు డమ్మీ తూటాలు కలిపి పెట్టాలి. డమ్మీ వచ్చినప్పుడు క్లిక్‌మంటుంది, తుపాకీ మూతి కిందికి వంగడం మీకే కనిపిస్తుంది. సిగ్గేస్తుంది, ఆ సిగ్గే బాగుచేస్తుంది. ఇంట్లో తూటాల్లేకుండా ట్రిగ్గర్ సాధన రోజుకు పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలూ తూటాలన్నీ వేరే గదిలో ఉండాలి, తలుపు వేసి.

చట్టం: ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే

గురి నెల రోజుల్లో బాగుపడుతుంది. చట్టానికి మూడు నెలలు పెట్టుకోండి. లైసెన్సుకు సంబంధించిన సెక్షన్లన్నీ కలిపి డీపీఎస్ ఒక పుస్తకంలా తన సైట్‌లో ఉచితంగా పెడుతుంది. శాసనసభ రెండేళ్లకోసారి కూర్చుంటుంది కాబట్టి ప్రతిసారీ కొత్త ప్రతి చూసుకోవాలి. యూట్యూబ్ వకీళ్లను నమ్ముకోకండి, మూల పాఠం చదవండి.

పీనల్ కోడ్ తొమ్మిదో అధ్యాయం దగ్గర ఆగండి. "టెక్సస్‌లో ఇంట్లోకి ఎవడొచ్చినా కాల్చేయొచ్చంట కదా" అని ప్రతి క్లాసులోనూ వింటాను. 9.31, 9.32 సెక్షన్లు చదివితే అందులో ప్రతి పదానికీ బరువుందని తెలుస్తుంది: ప్రమాదం అప్పటికప్పుడే ఉండాలి, బలం వాడటం తక్షణం అవసరమని నమ్మడానికి సహేతుకమైన కారణం ఉండాలి. తనకు ఉండే హక్కు ఉన్న చోట ఉండి, తాను రెచ్చగొట్టకుండా, ఏ నేరమూ చేయకుండా ఉన్న మనిషి వెనక్కి తగ్గాల్సిన పని లేదని చట్టం అంటుంది, నిజమే. అదే చట్టం, కేవలం మాటలతో రెచ్చగొట్టినంత మాత్రాన బలం వాడటం చెల్లదనీ అంటుంది. ఈ రెండో వాక్యాన్ని నేను బోర్డు మీద రాసి క్లాసు అయిపోయేదాకా చెరపను. మనకు మాట పడితే తట్టుకోవడం కష్టం, ఒప్పుకుందాం.

ఆస్తి కాపాడుకోవడానికి ప్రాణాంతక బలం గురించి 9.42 సెక్షన్ ఉంది, బయటి రాష్ట్రాల వాళ్లు ఆశ్చర్యపోయేది అక్కడే. అందులో షరతు మీద షరతు ఉంటుంది. దాన్ని చదివి వినిపించండి, కథలు చెప్పకండి. "నా కారు అద్దం పగలగొడుతున్నాడనుకోండి..." అని మొదలుపెట్టే ప్రశ్నలకు జవాబు ఇవ్వడం ఇన్‌స్ట్రక్టర్ పని కాదు. సెక్షన్ చూపించి, లాయర్ దగ్గరికి వెళ్లమనండి. ఎంత ఉత్సాహంగా అడిగినా సరే.

తుపాకీతో లోపలికి రావద్దని గుమ్మం దగ్గర పెట్టే బోర్డుల సంగతి విద్యార్థులకు ఆసక్తిగా ఉంటుంది. వాటి పేర్లు పీనల్ కోడ్ సెక్షన్ల నంబర్లే. 30.06 బోర్డు ఉంటే దాచిన తుపాకీతో, 30.07 ఉంటే కనబడే తుపాకీతో లైసెన్సుదారు లోపలికి వెళ్లకూడదు. అక్షరాలు కనీసం అంగుళం ఎత్తు, ఇంగ్లిష్, స్పానిష్ రెండింటిలో ఉండాలి. ఎర్రటి 51 శాతం బోర్డు (ఆదాయంలో సగానికి పైగా అక్కడే తాగే మద్యం అమ్మకం నుంచి వస్తుందని అర్థం) బార్ల దగ్గర కనిపిస్తుంది, అక్కడికి ఏ రకంగానూ తీసుకెళ్లకూడదు. "గుడికి తీసుకెళ్లొచ్చా?" అన్నది మనవాళ్ల ప్రశ్న. 2019లో చట్టం మారాక ప్రార్థనా స్థలాలు దానంతట అవే నిషిద్ధ స్థలాలు కావు; ఆ ఆలయం వాళ్లు బోర్డు పెట్టినా, నోటితో చెప్పినా వద్దన్నట్టే. చట్టం ఒప్పుకున్నా ధ్వజస్తంభం ముందుకు తుపాకీతో ఎందుకు అన్నది నా సొంత గొణుగుడు, క్లాసులో చెప్పను.

పిల్లల విషయంలో 46.13 సెక్షన్: నిర్లక్ష్యంగా వదిలేసిన లోడెడ్ తుపాకీ 17 ఏళ్లలోపు వాళ్ల చేతికి అందితే అది నేరం. బీరువా పైన పెట్టానంటే కుదరదు. మన ఇళ్లల్లో వారాంతం వస్తే నాలుగు కుటుంబాలు, ఎనిమిది మంది పిల్లలు, మేడ మీద దాగుడుమూతలు. ఈ దృశ్యం చెప్పాక తాళం పెట్టె గురించి విడిగా ఒప్పించాల్సిన పని ఉండదు.

నేర్పడం నేర్చుకోండి

తరగతి పాఠం పది నిమిషాలది ఒకటి తీసుకుని ఫోన్‌లో రికార్డు చేసి వినండి. "ఆఁ... అంటే..." ఎన్నిసార్లు అన్నారో లెక్కపెట్టండి. తర్వాత తుపాకీ అంటే ఇష్టం లేని మనిషికి చెప్పి చూడండి, నేను మా వదినకు చెప్పాను. ఆవిడ అడిగిన "గుండు బయటికి పోయాక ఆ ఇత్తడి ముక్క ఎక్కడికి పోతుంది?" అన్న ప్రశ్న నేను పాఠంలో పెట్టుకోలేదు. పెట్టుకుని ఉంటే బాగుండేది.

ఎందుకంటే నా తొలి క్లాసుల్లో ఒకదాంట్లో ఒకామె వెడల్పు మెడ కుర్తా వేసుకుని వచ్చారు. మూడో తూటాకు కాలే ఇత్తడి ముక్క ఎగిరి మెడలోంచి లోపల పడింది. ఆమె గావుకేక పెట్టి పక్కకు తిరిగారు, చేతిలో తుపాకీతో సహా. పక్క లైన్‌లో ఆమె భర్త. నేను ఒక అడుగు దూరంలోనే ఉన్నాను కాబట్టి మణికట్టు పట్టుకుని గొట్టాన్ని ముందుకు తిప్పగలిగాను. రెండు అడుగుల దూరంలో ఉంటే ఏమయ్యేదో నేను ఆలోచించను. అప్పటి నుంచి మెడ దాకా ఉండే చొక్కా, కాళ్లకు బూట్లు, టోపీ వేసుకోండి, చున్నీ మాత్రం వద్దు అని రెండు రోజుల ముందే మెసేజ్ పెడతాను. ఆ ఇత్తడి ముక్క గురించి తరగతిలోనే చెబుతాను: కాలుతుంది, కాలనివ్వండి, తుపాకీ ముందుకే ఉంచండి, కింద పెట్టాక గెంతులు వేయొచ్చు.

లైన్ మీద ఎక్కడ నిలబడాలన్నది కూడా నేర్చుకోవాల్సిందే. కుడిచేతి వాటం వాళ్లకు కాస్త వెనకగా, తుపాకీ పట్టుకున్న చేతి వైపు, చేయి చాపితే అందేంత దూరంలో. కొత్తవాళ్లయితే ఒక్కరికి నలుగురి కంటే ఎక్కువ పెట్టుకోవద్దు. ఇద్దరైతే ఇంకా మంచిది. ట్రిగ్గర్ నొక్కినా తూటా పేలకపోతే, గొట్టం అటే ఉంచి 30 సెకన్లు ఆగాలి. ఆలస్యంగా పేలొచ్చు. ఆ అర నిమిషం విద్యార్థికి చాలా పొడవు. మెల్లగా మాట్లాడుతూ ఉండండి.

బలవంతంగా తీసుకొచ్చిన భార్యలు, భర్తలు వస్తారు. వాళ్లను జంటగా ఒకే లైన్‌లో నిలబెట్టకండి. భర్త పక్కనుంచి "అలా కాదే" అంటుంటే ఎవరికీ గురి కుదరదు.

గొడవల పాఠం దగ్గర చాలామంది ఇన్‌స్ట్రక్టర్లు తొందరపడతారు, అది స్లైడ్లు చూపించి దాటేసే భాగం అనుకుంటారు. కానీ లైసెన్సుదారుకు జీవితంలో తుపాకీ తీసే రోజు రాకపోవచ్చు, హైవే మీద ఎవరో కట్ కొట్టే రోజు వారానికొకటి వస్తుంది. అందుకని ఇద్దరిని లేపి పార్కింగ్ గొడవ ఆడిస్తాను. క్షమాపణ చెప్పి వెళ్లిపోయినవాడికి చప్పట్లు.

డీపీఎస్ దరఖాస్తు

ఇవన్నీ కుదిరాక దరఖాస్తు చిన్న పని. డీపీఎస్ సైట్‌లో పూర్తిచేసి, పునాది సర్టిఫికెట్ జతచేసి, 100 డాలర్ల రుసుము కడితే మీ వెనకటి చరిత్ర పరిశీలిస్తారు. మీకే లైసెన్సు రాని పరిస్థితి ఉంటే ఇన్‌స్ట్రక్టర్ సర్టిఫికెట్ కూడా రాదు. తర్వాత డీపీఎస్ వాళ్ల శిక్షణ, రాత పరీక్ష, 50 తూటాల పరీక్ష. తుపాకీ శుభ్రం చేసుకుని, రెండో మ్యాగజైన్, సరిపడా కంటే ఎక్కువ తూటాలు పట్టుకెళ్లండి. సర్టిఫికెట్ రెండేళ్లకు, ఆ తర్వాత మళ్లీ శిక్షణ, మళ్లీ రుసుము.

మొదటి క్లాసుకు ముందు

రేంజ్‌తో రాతపూర్వక ఒప్పందం చేసుకోండి. ఇన్‌స్ట్రక్టర్లకు ప్రత్యేకంగా దొరికే బాధ్యత బీమా తీసుకోండి. ఇంటి బీమా దీనికి పనికి రాదు. విద్యార్థుల సంతకాల కాగితాలు ఒక లాయర్‌తో రాయించండి, ఇంటర్నెట్‌లోది దింపుకోకండి. స్టాప్ ద బ్లీడ్ శిక్షణ చాలా ఆసుపత్రుల్లో తక్కువ ఖర్చుకో ఉచితంగానో ఉంటుంది, రక్తస్రావం ఆపే టోర్నికే కట్టడం అక్కడ నేర్చుకుని ఒకటి మీ బెల్టుకే పెట్టుకోండి. బ్యాగులో పెడితే ఆ సమయానికి దొరకదు. అంబులెన్సుకు చెప్పాల్సిన రేంజ్ చిరునామా పెద్ద అక్షరాలతో గోడకు అంటించండి, 911కి ఎవరు ఫోన్ చేయాలో పేరు పెట్టి ముందే చెప్పండి.

చెవులకు రెండు పొరలు, లోపల దూది లాంటి ప్లగ్, పైన మఫ్. పిస్టల్ మోత 150 డెసిబెల్స్ దాటుతుంది, ఒక్క పేలుడుకే వినికిడి దెబ్బతినొచ్చు. కళ్లకు అద్దాలు, పక్కన నిలబడి చూసేవాళ్లందరికీ, గోడ పక్కన నిలబడ్డ మామగారితో సహా. తూటాలు తరగతి గదిలోకి రాకూడదు, ఒక్కటి కూడా. తలుపు దగ్గరే పెట్టె పెట్టి, జేబులు చూసుకోమనండి.

పాసైనవాళ్లకు ఎల్‌టీసీ-100 ఫారం నింపి ఇవ్వాలి. పేరు డ్రైవింగ్ లైసెన్సు మీద ఉన్నట్టే అక్షరం తప్పకుండా రాయండి. ఇంటిపేరు ముందా వెనకా అన్న మన పాత తగువు ఇక్కడా వస్తుంది. పాస్ కానివాళ్లకు ఫారం ఇవ్వకండి, ఎంత దగ్గరివాళ్లయినా. ఇంకో వారం రమ్మనండి, రుసుము తీసుకోకండి, పర్లేదు.

అంతా వెళ్లిపోయాక లైన్ మీది తుపాకీలన్నీ మళ్లీ ఒకసారి తెరిచి, కంటితో చూసి, చిటికెన వేలుతో తడిమి ఖాళీ అని నిర్ధారించుకోండి. చేతులు చల్లటి నీళ్లతో, సబ్బుతో కడుక్కోండి, సీసం పొడి అంటుకుని ఉంటుంది. ఇంటికి వెళ్లి చొక్కా విప్పి బుట్టలో వేశాకే పిల్లల్ని ఎత్తుకోండి.